ఎడమచేతి విసుర్రాయి

బయమ్మ ఉలి మొనను బొటనవేలితో తడిమి చూసి, మళ్లీ సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి అరగదీయసాగింది. బత్తలపల్లె కూడలిలో చెన్నప్ప హోటలు బెంచీ ఖాళీగానే ఉంది. అయినా ఆమె నేల మీదే కూర్చుంది. నేల మీద కూర్చుంటేనే ఉలి మీద బరువు ఆనుతుంది. ఆమె చేతులు పొట్టివి, వెడల్పైనవి. వేళ్ల గీతల్లో రాతి దుమ్ము తెల్లగా నిలిచిపోయింది, ఎంత తోమినా పోదు. ఎడమ కనుబొమ మీద ఎప్పుడో ఎగిరిపడ్డ రాతి పలుకు వదిలిన మచ్చ. పక్కన ఉన్న సంచిలో ఇంకో ఉలి, ఒక సుత్తి, గుడ్డలో కట్టిన సంగటి ముద్ద.

"ఏం బయమ్మా, ఇంగా ఆ రాళ్లనే నమ్ముకోనుండావా?" అన్నాడు చెన్నప్ప, టీ గ్లాసు ఆమె ముందు పెడుతూ. "గ్రైండరుకు గాట్లు కొట్టేది నేర్చుకోరాదా?"

"నీ టీ గిలాసుకు లోపల కొడతా తేప్పా. రెండు గుక్కలు ఎక్కువ పడతాది."

బెంచీ దగ్గరికి వస్తున్న ఆటో డ్రైవరు నవ్వాడు. చెన్నప్ప కూడా నవ్వి, అప్పుడు గుర్తొచ్చినట్టు అసలు సంగతి చెప్పాడు. దిన్నెపల్లె నుంచి ఈశ్వరి ఫోన్ చేసిందట. రాళ్ల బయమ్మ కనబడితే పంపించమందట. వాళ్ల అత్త కదిరమ్మ మంచంలో ఉంది, మిల్లు పిండితో కాచింది ఏదీ నోట పెట్టడం లేదు, తన విసుర్రాతి పిండి కావాలని పట్టుబట్టిందట.

బయమ్మ టీ తాగడం ఆపింది. దిన్నెపల్లె ఆమె దారి కాదు.

ఈ కూడలిలోనే ఒకప్పుడు ఆమె, ఆమె భర్త ఓబుళేసు పొద్దున్నే విడిపోయేవాళ్లు. తూర్పు పల్లెలు ఆయనవి, పడమటి పల్లెలు ఆమెవి. అరిగి నున్నబడ్డ రోళ్లకు, విసుర్రాళ్లకు గాట్లు కొట్టి సాయంత్రం మళ్లీ ఇక్కడే కలుసుకునేవాళ్లు. ఆయన పోయాక తూర్పు పల్లెలు కూడా తిరగాలనుకుంది. కానీ అప్పటికే ఇంటింటికీ మిక్సీలు వచ్చాయి. ఆయన దారిలో పిలిచేవాళ్లు లేకపోయారు. దిన్నెపల్లె ఇళ్లు ఆమెకు ఆయన మాటల్లోనే తెలుసు.

ఆటో ఆమెను దిన్నెపల్లె మలుపు దగ్గర దించి వెళ్లిపోయింది. అక్కడి నుంచి మట్టిదారి. రెండు పక్కలా వేరుశనగ చేలు, వాన కోసం చూసి చూసి ఆకులు ముడుచుకున్నాయి. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఎండ తెరలో వాటి స్తంభాలు కరిగిపోయి, తెల్లటి రెక్కలు మాత్రమే గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తున్నాయి. వాటిని చూసినప్పుడల్లా బయమ్మకు ఎవరో పెద్ద ఆడవాళ్లు కొండల మీద వరుసగా కూర్చుని ఆకాశాన్ని విసురుతున్నారనిపిస్తుంది. ఆ పిండి ఎక్కడ రాలుతుందో మాత్రం తెలియదు.

ఊరి మొదట్లో ఆమె అలవాటు కొద్దీ గొంతెత్తింది. "రోళ్లకు గాట్లు కొడతామమ్మా... ఇసుర్రాళ్లకు గాట్లూ..." ఒక కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. ఒక ఇంటి ముందు రోలు బోర్లించి ఉంది, దాని మీద మోటార్ సైకిల్ స్టాండు ఆనించి పెట్టారు. ఇంకో ఇంటి మెట్టు అడుగున విసుర్రాతి పైదిమ్మె, నడిమి చిల్లుతో సహా సిమెంటులో కూరుకుపోయి ఉంది. వేరొక రోటిలో కోళ్లు నీళ్లు తాగుతున్నాయి. బయమ్మ ఒక్కోదాన్నీ పలకరిస్తున్నట్టు చూస్తూ నడిచింది. ఈ పల్లెల్లో తెల్లవారుజామున ఇల్లిల్లూ గుర్రుమని మోగేది. ఆ చప్పుడు ఏ రోజు ఆగిందో ఎవరికీ గుర్తులేదు. అది ఆగిన రోజు కూడా అందరూ మామూలుగానే లేచి ఉంటారు.

ఈశ్వరి వాకిట్లోనే ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి. కొంగు నడుముకు చెక్కుకుని, చేతిలో చాట పట్టుకుని ఉంది. భర్త జయరాం టమోటాలు తీసుకుని అనంతపురం మార్కెట్టుకు పోయాడట. ఆమె మాటలు గట్టిగానే ఉన్నాయి కానీ కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి.

"మిల్లు పిండి కాలిన వాసనంట, మిక్సీ పిండి ఇనుము వాసనంట," అంది. "అంబలి కాచి నోటి కాడికి తీసుకపోతే పండ్లు బిగబట్టుకుంటాది. డాక్టరు ఏమన్నా తినిపించమంటాడు. నేను మాత్రం ఏం చేస్తానక్కా? ఈ పొద్దన్నా రెండు గుక్కలు తాగితే సాలు."

పంచలో మూలన గోనెసంచి కప్పిన విసుర్రాయి ఉంది. దానికి ఎదురుగా తలుపు తెరిచిన గదిలో, మంచం మీద కదిరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కంబళి కింద మనిషి ఉందా లేదా అన్నంత పలచగా ఉంది.

బయమ్మ పైదిమ్మె ఎత్తి గోడకు ఆనించింది. పాతరాయి, మంచి నల్లరాయి. నోటి పక్కన, గింజలు పోసే చోట, చిన్న చుక్క చెక్కి ఉంది. ఆమె వేలు ఆ చుక్క మీద ఆగిపోయింది. తాను చెక్కిన ప్రతి రాతికీ ఓబుళేసు ఆ చుక్క పెట్టేవాడు. ఎందుకని అడిగితే, రాయికి దిష్టి తగలకుండా అనేవాడు.

ఆమెకు ఇప్పుడు దగ్గరి చూపు అంత బాగా ఆనదు. అందుకే రాతిని చేతులతో చూస్తుంది. అరచేతిని నడిమి నుంచి అంచు దాకా మెల్లగా జరిపింది. గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి, కానీ వాలు తెలుస్తూనే ఉంది. ఆ వాలు తప్పు. ఏ విసుర్రాతికైనా గీతలు ఒకే వైపు వాలి ఉంటాయి. వీటి వాలు దానికి ఎదురుగా ఉంది. ఆయన పోయాక ఎవరో చేతకానివాడు కొట్టి పాడుచేశాడనుకుంది. మనసు చివుక్కుమంది. సుత్తి తీసుకుని, అంచు నుంచి సరైన వాలులో గాట్లు మొదలుపెట్టింది.

టక్, టక్, టక్. రాతి దుమ్ము ముక్కుకు తగిలింది. ఒక గీత పూర్తయింది. రెండోది. మూడోది సగంలో ఉండగా గదిలో నుంచి గొంతు వినిపించింది. ఎండిన ఆకు నేల మీద జరిగినంత చప్పుడు.

"అది ఎవురు కొట్టేది? ఉలి అడ్డం పడతాండాది."

బయమ్మ చెయ్యి ఆగింది. ఈశ్వరి చాట పక్కన పెట్టి గదిలోకి పరుగెత్తింది. నిన్నటి నుంచి ఆ మనిషి మాట్లాడలేదు.

"ఓబుళేసు కొడితే అట్ల మోగదు," అంది కదిరమ్మ.

ఆ పేరు బయమ్మ ఎన్నడూ పైకి అనలేదు. అనే అలవాటు లేదు. ఆయన పోయిన తర్వాత అనేవాళ్లూ తగ్గిపోయారు. ఇంకొకరి నోట ఆ పేరు వినగానే, పంచలోకి ఆయనే వచ్చి నిలబడినట్టయింది. ఆమె లేచి గడప దగ్గరికి వెళ్లింది. తాను ఆయన ఇంటిదాన్నని చెప్పింది.

కదిరమ్మ మెల్లగా ఇటు తిరిగింది. ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత కంబళి కింది నుంచి ఎడమచెయ్యి బయటికి తీసింది.

"నాది ఈ చెయ్యి," అంది. "కుడిచేత్తో ఇసరల్లని మా అత్త దీన్ని నడుముకు కట్టేసేది. పిండి పలుకు పలుకు పడేది. తిట్లు పడతా ఇసిరేదాన్ని. గాట్లు కొట్టను వచ్చి మీ ఆయప్ప చూసినాడు." ఊపిరి కోసం ఆగింది. "చెయ్యి మార్చుకోబాకమ్మా, రాయి మారుస్తా అన్నాడు."

బయమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. ఎప్పటిదో ఒక సాయంత్రం కళ్ల ముందుకొచ్చింది. కొత్తగా పెళ్లయిన రోజులు. కూడలికి ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఎడమచెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పుతూ నడిచాడు. ఏమైందని అడిగితే నవ్వాడు తప్ప చెప్పలేదు. తమ ఇంట్లో ఉన్నది అంచు విరిగిన రాయి, ఎవరో పారేసింది. మంచిది ఒకటి చెక్కివ్వమని ఆమె అడుగుతూనే ఉండేది, ఆయన రేపు రేపనేవాడు. కొంచెం ఉక్రోషం కలిగింది. ఇన్నేళ్ల తర్వాత, చనిపోయిన మనిషి మీద. వెంటనే దానికి నవ్వూ వచ్చింది.

తిరిగి వచ్చి రాతి ముందు కూర్చుంది. ఈసారి ఉలిని ఆయన గీతలోనే ఉంచింది. నీళ్లు పాత కాలువలో పారినట్టు ఉలి దానంతటదే జరిగింది. చప్పుడు మారింది. గదిలో నుంచి ఇంక మాట రాలేదు. మధ్యాహ్నం ఎండ పంచలోకి జరిగి, ఆమె మోకాళ్ల మీదికెక్కి, మళ్లీ వాకిట్లోకి దిగిపోయింది. ఒక్కో గీత చివర ఆయన కొంచెం ఒత్తి వదిలేవాడు, అక్కడ చిన్న గుంట మిగిలేది. ఆ గుంటలు దొరికినప్పుడల్లా ఆమె కూడా ఒత్తి వదిలింది. తాను తప్పుగా కొట్టిన గాట్లు మాత్రం చెరిగిపోలేదు. అంచున, ఆయన గీతల మీద అడ్డంగా ఉండిపోయాయి.

రాయి కడిగి ఆరబెట్టి, మొదటి గుప్పెడు రాగులు విసిరి, రాతి పొడి కలిసిన ఆ పిండిని చీమలకు చల్లారు. తర్వాత అసలు పిండికి కూర్చున్నారు. ఈశ్వరికి ఎడమచెయ్యి తిరగలేదు. గింజ గింజలాగే బయటికి వచ్చింది. అప్పుడు బయమ్మ ఎదురుగా కూర్చుని, తన ఎడమచెయ్యి కూడా పిడి మీద వేసింది. ఇద్దరూ కలిసి, ఎవరూ తిప్పని వైపు తిప్పారు. మొదట రాయి మొరాయించింది. తర్వాత గొంతు సవరించుకున్నట్టు గుర్రుమంది. అంచు చుట్టూ పిండి మెత్తగా రాలసాగింది.

అంబలి కాచి, చల్లార్చి, ఈశ్వరి గ్లాసుతో గదిలోకి వెళ్లింది. బయమ్మ పంచలో నుంచి చూస్తోంది. కదిరమ్మ గ్లాసు వాసన చూసింది. పండ్లు బిగించలేదు. ఒక గుక్క తాగింది. ఆగి, ఇంకొకటి తాగింది. ఈశ్వరి కొంగుతో ఆమె పెదవులు తుడిచింది.

"ఇదీ," అంది కదిరమ్మ. "ఇంగ కొంచెం ఇసురుపోండి. ఇనబడతా ఉండనీ."

ఈశ్వరి బయటికి వచ్చినప్పుడు మొహమంతా నవ్వుగా ఉంది. సాయంత్రానికి ఇంకొంచెం పిండి చేసి పెట్టుకుందామంది. పెండ్లికి బస్తా పప్పు విసరాలన్నంత ఉత్సాహంగా చాట ఒళ్లో పెట్టుకుంది. రాతి నోట్లో గుప్పెడు రాగులు పోసి, ఇద్దరూ మళ్లీ తిప్పడం మొదలుపెట్టారు. ఈశ్వరి వీపు గది వైపు ఉంది. బయమ్మకు మాత్రం తెరిచిన తలుపులోంచి మంచం కనిపిస్తోంది. కంబళి మీద కదిరమ్మ ఎడమచెయ్యి రాతి చప్పుడుతో పాటు గుండ్రంగా కదులుతోంది. రాయి నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. ఆ చేతిని చూస్తుంటే, రాతిని తిప్పుతున్నది తాము కాదనీ, ఆ చెయ్యేననీ బయమ్మకు అనిపించింది. గుట్ట మీద గాలిమరలు, పంచలో రాయి, మంచం మీద చెయ్యి అన్నీ ఒకే పిడికి కట్టినట్టు తిరుగుతున్నాయి.

కొంతసేపటికి ఆ చెయ్యి ఆగింది.

బయమ్మ చూస్తూనే ఉంది. వేళ్లు సగం ముడుచుకుని, పిడి పట్టుకున్నట్టే ఉన్నాయి. రాతి నోట్లో ఇంకా గింజలున్నాయి. రాయి నోట్లో గింజ ఉంచి లేవకూడదని ఈ పల్లెల ఆడవాళ్ల పట్టింపు. ఈశ్వరి ఏదో చెబుతోంది. రేపు పొద్దున సంగటి కూడా పెడతానని, వచ్చే వారానికి కూర్చోబెడతానని. బయమ్మ ఊఁ కొడుతూ తిప్పింది. గింజలన్నీ అయిపోయి రాయి ఒట్టిగా మోగే దాకా తిప్పింది. అప్పుడు ఈశ్వరి చేతి మీద తన చెయ్యి వేసి పిడిని ఆపింది.

"అమ్మా ఈశ్వరీ, ఒకసారి లోపలికి పో," అంది.

చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. వాకిలి నిండింది. ఎవరో జయరాంకు ఫోన్ చేశారు. బయమ్మ ఈశ్వరి పక్కన చాలాసేపు కూర్చుంది. రెండు గుక్కలు తాగింది కదక్కా, అని ఈశ్వరి మళ్లీ మళ్లీ అడిగింది. తాగింది, నేను చూసినా, అని ప్రతిసారీ బయమ్మ చెప్పింది. ఎండ చల్లబడ్డాక ఉలులు, సుత్తి సంచిలో వేసుకుని, కడిగిన అరచేతులు కొంగుకు తుడుచుకుని, మట్టిదారి పట్టింది. నడుస్తూ నడుస్తూ ఎడమచెయ్యి గాలిలో గుండ్రంగా తిప్పి చూసుకుంది.

దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో రాయి కదపరు. పిండి కూడా ఎవరూ ఎత్తలేదు. చీకటి పడుతున్న పంచలో విసుర్రాయి ఒక్కటే ఉంది. చుట్టూ రాగిపిండి వలయం, ఎడమ పక్కకు వచ్చి ఆగిన పిడి. మూసిన రెండు దిమ్మెల నడుమ, ఎవరికీ కనబడని చోట, ఆయన గీతల మీద అడ్డంగా ఆమె తప్పు గాట్లు.