మెట్లు దిగని ఆవు

ఆ వీధిలో పొద్దున్నే పనులకు బయలుదేరేవాళ్లని చూసి తీరాలి. మూలమీది ఇంటి పెద్దాయన "గాడిదా, ఇంకా లేవలేదా?" అని కొడుకు మీద కేకేస్తాడు. కాసేపటికి ఆ గాడిద టిఫిన్ డబ్బా మెడకు తగిలించుకుని బస్టాపు వైపు నడుస్తుంది. ఎదురింటి పిల్లని వాళ్ల నాయనమ్మ రోజూ "కోతి" అంటుంది కాబట్టి ఆ పిల్ల బడికి గోడల మీంచే వెళ్తుంది. ఇంటి పెద్ద ఏమంటే అదైపోవడం అక్కడ మామూలే. మళ్లీ ఎవరైనా వరస పెట్టి, అమ్మా అనో బాబూ అనో పిలిస్తే మనిషైపోతారు. అందుకే ఫ్యాక్టరీ గేట్ల దగ్గరా, బడి గుమ్మాల దగ్గరా నోరు మంచివాళ్లని కాపలా పెట్టుకుంటారు. "రండి బాబాయ్, రా తల్లీ" అంటూ వచ్చినవాళ్లని లోపలికి పిలవడమే వాళ్ల ఉద్యోగం.

మూడో అంతస్తులో ఉండే అత్తగారు మాత్రం ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. "నా నోట చెడ్డమాట రాదు" అని చెప్పుకునేది, అది నిజం కూడా. కోడలంటే ఆవిడకి పంచప్రాణాలు. పక్కింటావిడ ఎప్పుడు తొంగిచూసినా "మా కోడలు ఆవండీ, ఒట్టి ఆవు" అని మురిసిపోయేది. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ఆవు మెట్లెక్కుతుందేమో గాని దిగదు. ఆ మెట్లు మరీ ఇరుకు, పైగా మలుపులు. అందుకని కోడలు వంటగదికీ ముందుగదికీ మధ్య అడ్డంగా నిలబడి, తోకతో కప్పులు పడెయ్యకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని, అత్తగారికి టీ తాగాలనిపించేదాకా కాలక్షేపం చేసేది. "అమ్మాయ్, కాస్త టీ పెడతావా?" అని పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయేది.

పెళ్లికి ముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. కాలరు మొన తిప్పడంలో ఆ చేతికి మంచి పేరు. అక్కడి మాస్టరు మొన్న భర్త ద్వారా కబురు పెట్టాడు. పాత మిషను ఖాళీ అయింది, ఈ వారంలోగా వస్తే ఆమెదే, రాకపోతే ఇంకొకళ్లని కూర్చోబెట్టేస్తాడట. ఆ రాత్రి ఆమెకి సంతోషంతో నిద్ర పట్టలేదు.

"నిక్షేపంగా వెళ్లు. నేనేమైనా వద్దన్నానా?" అంది అత్తగారు.

నిజంగానే వద్దనలేదు. మర్నాడు కోడలు సంచీ భుజాన వేసుకుని "వెళ్లొస్తాను అత్తయ్యా" అంది.

"వెళ్లిరా తల్లీ. ఆవులాంటి దానివి, ఆ జనంలో ఎలా నెగ్గుకొస్తావో ఏమో!"

అంతే. సంచీ కాస్తా కొమ్ముకి వేలాడింది.

ఆ మర్నాడూ అదే వరస. భర్త కల్పించుకోబోయాడు. "అమ్మా, నువ్వలా అనకుండా ఉంటే..."

"వీడొకడు! పిల్లి. ఇంట్లో ఉన్నాడో లేడో కూడా తెలీదు" అని ముద్దుగా నవ్విందావిడ. పిల్లికి మెట్లొక లెక్కా? చకచకా దిగి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

ఆవిడ కావాలని అనేదా, అలవాటు కొద్దీ అనేదా అంటే చెప్పడం కష్టం. ఆ మాట ఆవిడకే తెలిసుండదు. ఖాళీ ఇంట్లో ఒంటరిగా కూర్చోవడమంటే ఆవిడకి భయం. అంతవరకు మాత్రం ఖాయం.

తిట్టించుకుంటేనన్నా ఇంకేదైనా అవుతానేమోనని కోడలు పాలు పొంగించేసింది. అత్తగారికి ఇష్టమైన నీలం కప్పు పగలగొట్టింది. "పోనీలే, చెయ్యి జారింది. పాపం, నోరులేని ఆవు" అని ఆవిడే ముక్కలు ఏరింది.

వారం చివరికొచ్చాక ఒక మధ్యాహ్నం "అమ్మాయ్" అన్న పిలుపుకి కాళ్లూ చేతులూ వచ్చాయి గాని గొంతు రాలేదు. "ఆఁ, అత్తయ్యా" అనబోతే అంబా అని వచ్చింది. అత్తగారు నవ్వేసింది. కోడలికి మాత్రం పొద్దుగూకితే గాని మాట తిరిగి రాలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే, ఎంత పిలిచినా ఇక మనిషిగా రాలేనని ఆమెకి అర్థమైంది.

మాస్టరు పెట్టిన గడువులో ఆఖరి రోజు వచ్చింది. భర్త అప్పటికే వెళ్లిపోయాడు. అత్తగారు తెరిచిన కిటికీ పక్కన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కోడలు ఈసారి సంచీ తీసుకోలేదు. గుమ్మం వైపు కాక కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"పోతున్నానత్తయ్యా" అంది.

ఆవిడ చేతిలో దుప్పటి జారిపోయింది. "ఏమన్నావ్?"

"పోతున్నానన్నాను."

"అదేం మాటే! గడప దాటేవాళ్లెవరైనా పోతున్నానంటారా? వెళ్లొస్తానను."

"అనను. వారమంతా అన్నాను. ఒక్కరోజైనా వెళ్లానా?"

ఆవిడ మొహం ఎర్రబడింది. బాధో కోపమో. "నిన్ను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటుంటే నాకే ఎదురు చెప్తావా? రెక్కలొచ్చాయే నీకు!"

మాట జారాక గాని ఆవిడకి తెలిసిరాలేదు. అప్పటికే కోడలి భుజాలు ముడుచుకుపోయి, ఒళ్లంతా పిడికెడైపోయి, ఒక చిన్న గోధుమరంగు పిట్ట కిటికీ చువ్వల మధ్య నుంచి బయటికి ఎగిరింది.

అత్తగారు ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అమ్మాయ్ అని పిలవబోయింది. కింద చూస్తే వీధి ఎక్కడో ఉంది. పిట్ట ఇంకా గాల్లోనే, రెక్కలు సరిగ్గా ఆడించడం రాక తడబడుతోంది. ఇప్పుడు గనక పిలిస్తే మనిషైపోయి నిలువునా కిందపడుతుంది.

ఆవిడ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. పిట్ట వీధి చివర మలుపు తిరిగేదాకా ఆ చేతులు తియ్యలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ముసలి కాపలాదారు గాడిదలనీ, మొద్దుల్లా దొర్లుకుంటూ వచ్చినవాళ్లనీ ఓపిగ్గా లోపలికి పిలుస్తున్నాడు. గేటు మీద వాలిన పిట్టని కళ్లు చిట్లించి చూశాడు.

"కొత్తగా ఉన్నావే. ఎవరింటి పిల్లవో! దిగి రా తల్లీ."

ఆమె పాదాలు నేలకి ఆనాయి. గొంతు వస్తుందో రాదోనని భయపడుతూనే నోరు తెరిచింది.

"కాలర్ల మిషను ఎటు, బాబాయ్?"

గొంతు వచ్చింది. ఆమెకి ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఆ ఇరుకు మెట్లన్నీ ఎక్కి తలుపు తట్టింది. అత్తగారు పొద్దుటి నుంచి టీ అయినా తాగకుండా ఆ కిటికీ దగ్గరే ఉండిపోయిందట. కోడల్ని చూసి, "పోతున్నానన్నావు కదా, ఇక రావనుకున్నాను" అంది మెల్లిగా. కోడలు ఇద్దరికీ టీ పెట్టింది.

మర్నాడు పొద్దున్న సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది. పక్కింటావిడ అప్పుడే తలుపు తీసి, అలవాటైన పొగడ్త కోసం అత్తగారి వైపు చూసింది. అత్తగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెళ్లొస్తాను అత్తయ్యా" అంది కోడలు.

ఆవిడ చేతులు తియ్యలేదు. తల మాత్రం ఊపి, కోడలు ఆఖరి మెట్టు దిగేదాకా అలాగే నిలబడింది.