ఫిల్టర్ వేసిన ఈల

బాబాయి మళ్లీ వచ్చాడు. సింథసైజర్‌ని పాత దుప్పట్లో చుట్టి, టాక్సీ వెనక సీట్లో పడుకోబెట్టి, దారిపొడుగునా దాని మీద ఒక చెయ్యి వేసి పట్టుకుని మరీ వచ్చాడు. గాజుతలుపులోంచి ఆ దుప్పటి కనపడగానే డాక్టరమ్మకి ప్రాణం ఉసూరుమంది.

ఆమె మనుషుల డాక్టరేం కాదు. పాత సింథసైజర్లకీ, డ్రమ్ మిషన్లకీ వైద్యం చేస్తుంది గనక వచ్చేవాళ్లు పెట్టిన పేరది. కొట్టు ముందుభాగం మరిదిది. అక్కడంతా కొత్త సరుకు, రంగురంగుల లైట్లు, హెడ్‌ఫోన్లు తగిలించుకుని పూటంతా వాయించి ఏదీ కొనకుండా జారుకునే పిచ్చిమాలోకాలు. వెనకగది ఆమెది. అక్కడ విప్పదీసిన కీబోర్డులు, సోల్డరు పొగ, దొరకని విడిభాగాల కోసం దుమ్ము కొట్టుకుపోతున్న పెట్టెలు. భర్తది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. కొట్టుని వదినా మరుదులిద్దరే నెట్టుకొస్తున్నారు. నెట్టుకురావడమంటే ఏమిటో ఆమె నడుముని అడిగితే చెబుతుంది.

అసలు ఈ రొంపిలోకి దింపిందే బాబాయి. చిన్నప్పుడు ఆయన స్టూడియోలో వాయించి ఇంటికొస్తే, ఈమె వెళ్లి ఒళ్లో కూర్చునేది. ఆయన ఒక నాబ్‌ని చివరిదాకా తిప్పేవాడు. ఏ మెట్టూ నొక్కకుండానే సింథసైజర్ సన్నగా ఈల వేసేది. "చూశావా, ఫిల్టర్ తనంతట తనే పాడుతోంది" అనేవాడు. ఫిల్టరంటే మరేం కాదు, ధ్వనిలో పదును ఎంతమేరకు బయటికి పోవాలో తేల్చే తలుపు. మూస్తే దుప్పటి కింద మాట్లాడినట్టుంటుంది, తెరిస్తే తళతళలాడుతుంది. ఆ పిల్లకి అది అప్పుడే అర్థమైపోయింది. ఇంకేముంది, బతుకంతా ఆ తలుపుల దగ్గరే తెల్లారిపోయింది.

బాబాయి ఫిర్యాదు కూడా ఆ తలుపు గురించే. "ఫిల్టర్ మూసుకుపోతోందమ్మా. పైన మెరుపు రావట్లేదు. చచ్చిపోతోంది ఇది." మొదటిసారి ఈ మాట పట్టుకొచ్చినప్పుడు ఆమె అన్నీ చూసింది. ధ్వనిని అలగా గీసి చూపే ఆసిలోస్కోపు తెర మీద అల నిక్షేపంలా ఉంది. ధ్వని చెవికి గంటలా ఉంది. ఆ మాటే అంటే ఆయన ఒంటికాలి మీద లేచాడు. "అంటే ఏంటి, నా చెవుల్ని అనుమానిస్తున్నావా? నీ బల్ల మీది బొమ్మకి తెలిసింది నాకు తెలీదా?"

ఆ పూట ఆమెకి వాదించే ఓపిక లేదు. మూత విప్పింది. బోర్డు మీద, స్క్రూడ్రైవర్‌తో తిప్పే బుల్లి ట్రిమ్మర్ ఒకటుంటుంది. ఫిల్టర్ ఎంతవరకు తెరుచుకోవాలో తయారుచేసినవాళ్లు దాంతోనే సరిచూసి, తిప్పే ముక్క మీదా దాని అంచు మీదా కలిసేలా ఎర్రరంగుతో ఒక గీత గీసి వదులుతారు. ఎవరైనా తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది. చేయి పెట్టిన సంగతి బయటపడిపోతుంది. ఆమె ఆ గీతని తెంపింది. కాస్త ఎక్కువగా తెరిచి మూత బిగించింది.

"బాగైంది బాబాయ్."

ఆయన వాయించాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "వచ్చేసింది! అదే, అదే!" అన్నాడు. ఆ మొహం చూశాక ఎవరికైనా నిజం చెప్పబుద్ధవుతుందా?

కొన్నాళ్లకి మళ్లీ అదే పాట. మళ్లీ ఇంకొంచెం తిప్పింది. ఆ తర్వాత ఇంకోసారి. ఇప్పుడది తిరగాల్సినంతా తిరిగి చివర ఆగిపోయింది. ఈమధ్య రికార్డింగులో గాయని ఒకామె చెవులు కోసుకుపోతున్నాయని అందట. ఈ కాలపు పిల్లలకి చెవులెక్కడేడ్చాయని ఆమెని ఏకిపారేసి వచ్చానని ఆయనే గొప్పగా చెప్పాడు. అది విన్నప్పటినుంచీ డాక్టరమ్మకి తిన్నది ఒంటబట్టడం లేదు. పాపం ఆ గాయని తప్పేముంది?

ఇవాళ బాబాయి వెనకగదికి రాలేదు. మరిది దగ్గరే ఆగిపోయాడు. కాసేపటికి మరిది దుప్పటి మూట మోసుకుని లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వదినా, నీ నెత్తిన బరువు దిగిపోయింది పో! బాబాయిగారు దీన్ని మనకిచ్చేసి కొత్తది పట్టుకెళ్తానంటున్నారు. పాతవంటే పడిచచ్చే ఆసామి ఒకాయన సాయంత్రం వస్తానన్నాడు. కాస్త తుడిచిపెట్టు, ఇవాళే ఇచ్చేద్దాం."

ఆమె మూట అందుకుని బల్ల మీద పెట్టింది. కొత్తది ఇంటికెళ్తుంది. పెట్టె విప్పి ఆశగా వాయిస్తాడు. అదీ మూసుకుపోయినట్టే వినపడుతుంది. ఆ క్షణాన ఆయనకి ఒంటరిగా, ఒక్కసారిగా, అంతా తెలిసిపోతుంది. అప్పటికి ఇది ఎవరింట్లో ఉంటుందో ఏమో. ఇన్నేళ్ల సావాసం పోయేది ఫిల్టర్ చెడినందుకు కాదు, తను నోరు విప్పనందుకు.

"బాబాయ్! ఒక్కసారి ఇలా రా" అని కేకేసింది.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. "వద్దులేవే. నీ చేతనైంది నువ్వు చేశావు. దానికి కాలం మూడింది."

"అది కాదు. వెళ్లేముందు ఒక్కసారి ఈల వేయించు, చిన్నప్పట్లాగ."

ఆయన కాదనలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆమె తీగ తగిలించి ఆసిలోస్కోపు పెట్టింది. ఆయన ఆ నాబ్‌ని చివరిదాకా తిప్పాడు. సింథసైజర్ ఈల అందుకుంది. తెర మీద ఆకుపచ్చటి అల లేచింది. ఫిల్టర్ తలుపు తెరిచే రెండో నాబ్‌ని ఆయన మెల్లగా తిప్పుతుంటే ఈల సన్నబడుతూ పైకి పోయింది. ఇంకా పైకి.

"ఇదిగో!" ఆయన గెలిచినట్టు చెయ్యెత్తాడు. "ఆగిపోయింది. ఇక్కడే చస్తోంది. చూశావా? నేను చెప్తే నమ్మలేదు నువ్వు."

గది నిండా ఈల మోగుతోంది. ఆమె తెర వైపు చూసింది. ఆయన కూడా అటు చూశాడు.

అల అలాగే ఉంది. దగ్గర దగ్గరగా, నిండుగా, ఎక్కడా తగ్గకుండా నిలబడి ఉంది. ఆ తెర మీద అలని చదవడం ఆమెకి నేర్పింది ఆయనే. ఆయనకి ఇంకొకరు వివరించి చెప్పక్కర్లేదు.

ఆయన ముందుకి వంగి తెర మీద వేలు పెట్టాడు.

"నీకు వినపడుతోందా?"

లేదంటే సరిపోతుంది. ఇన్నాళ్లూ సరిపెట్టినట్టే ఇదీ సరిపోతుంది. "వినపడుతోంది బాబాయ్" అంది. "దీనికేం జబ్బు లేదు. ఎప్పుడూ లేదు. నేనే నీ కోసం లోపల తిప్పుతూ వచ్చాను."

తిడతాడనుకుంది. ఆయన తిట్టలేదు. నాబ్ మీంచి వేళ్లు తీసి, "నువ్వు తిప్పు. నీకెందాకా వినపడుతుందో చూద్దాం" అన్నాడు.

ఆమె తిప్పింది. ఈల సూదిలా సన్నబడింది. దారంలా అయింది. తర్వాత చెవికి ఏమీ అందలేదు. ఆమె ఆగి, తెర వైపు చూసింది. అల ఉంది. ఇంకా తిప్పింది. ఇంకా ఉంది.

బాబాయి తెరని చూడటం మానేసి ఆమె మొహమే చూస్తున్నాడు. ఆయనకి అర్థమైపోయింది. "నీకూనా?" అన్నాడు మెత్తగా.

ఆమె తలూపింది. దుఃఖమా అంటే దుఃఖమూ కాదు. అలుపు, అంతే. పొద్దస్తమానం పాతవాటి గురించే ఆలోచిస్తున్నా, ఆ వరసలో తనూ ఉన్నట్టు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

ముందుగదిలోంచి మరిది గావుకేక పెట్టాడు. "వదినా! ఆపు తల్లీ ఆ కూత! చెవులు చిల్లులు పడుతున్నాయి ఇక్కడ!"

సారెగమలకీ సైకిల్ బెల్లుకీ తేడా తెలియని మనిషి వాడు. వాడికి ఇంచక్కా వినపడుతోంది! ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ముందు బాబాయి నవ్వాడు. తర్వాత ఆమెకీ ఆగలేదు. నవ్వీ నవ్వీ ఆయన రుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు, ఒత్తుకుంటూనే ఉన్నాడు.

రుమాలు జేబులో పెట్టాక మూత విప్పమన్నాడు. "ఎంత తిప్పావో చూపించు." ఆమె లైటు దించి ట్రిమ్మర్ చూపించింది. ఎర్రగీతలో ఒక ముక్క ఇటు, ఇంకో ముక్క ఎక్కడో అటు. ఆయన దాన్ని చూసి నిట్టూర్చాడు. "ఆ గాయని పిల్లని అనవసరంగా కసిరేశాను. ఫోన్ చేసి చెప్పుకోవాలి."

"చెబుదువుగాన్లే."

"స్క్రూడ్రైవర్ ఇలా తే."

"మళ్లీ మొదటికి తిప్పితే నీకు అస్సలు బాగోదు బాబాయ్."

"నాకు బాగోకపోతే పోనీ. వినేది నేనొక్కణ్ణేనా?"

ఆయన స్క్రూడ్రైవర్‌ని ట్రిమ్మర్ మీద ఆనించాడు. ఆమె ఆ చేతిని పైనుంచి పట్టుకుంది. చెవుల్ని నమ్మే పని లేదు గనక ఇద్దరూ కళ్లద్దాలు సర్దుకుని, తలలు ఆనించి, రెండు ఎర్రముక్కలూ కలిసి ఒకే గీత అయ్యేదాకా కొంచెం కొంచెంగా తిప్పారు.

మూత పెట్టేశాక ఆయన వాయించాడు. ఎప్పుడూ వాయించే చిన్న వరసే.

"నాకు దుప్పటి కింద ఉన్నట్టే ఉంది" అన్నాడు, ఆపకుండానే. "నీకు?"

"బాగుంది బాబాయ్."

ఈసారి అది అబద్ధం కాదు. ఆయన కూడా నమ్మాడు. "మీ మరిదికి చెప్పు, సాయంత్రం వచ్చే ఆయనకి ఇంకేదైనా చూపించుకోమని" అంటూ దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. పొద్దుటినుంచీ ఊరికే కాలుతున్న సోల్డరింగ్ ఐరన్‌ని ఆమె ఆపేసి, టాక్సీ పిలవడానికి లేచింది.