నేల పరవడానికి కావలసినవన్నీ

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తయ్య మంచం హాల్లో వేశాం. ఆవిడ గది నేల ఉత్త సిమెంటు. చలికి పాదం ఆనదు, పైగా ఎగుడుదిగుడు. హాల్లోనైతే అందరి మధ్యా ఉంటుంది, పొద్దుపోతుంది అన్నారు మావారు. అలా తల దగ్గర టీవీ, కాళ్ల దగ్గర చెప్పుల స్టాండు పెట్టుకుని అత్తయ్య పొద్దుపుచ్చుతోంది. వచ్చినవాళ్లందరూ మోకాలు ఎలా ఉందంటూ దుప్పటి ఎత్తి చూసి, కుట్లు బాగా పడ్డాయని మెచ్చుకుని, మంచం మీదే కూర్చుని కాఫీ తాగి వెళ్లేవారు.

ఒకరోజు నేను మందులిస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నాకీ బిళ్లలు కాదే అమ్మాయ్, ఒక తలుపు కావాలి. వేసుకోడానికి."

ఆ గదిలో చెక్కలాంటి లామినేట్ పలకలు పరిస్తే వెచ్చగా ఉంటుంది, నేలా సమంగా ఉంటుంది అని మావారితో చెప్పాను. అంతే, మా ఇంట్లో నేల గురించి తప్ప మరో మాట లేకుండా పోయింది.

మావారు ఒక కంపెనీలో సరుకుల కొనుగోలు విభాగం చూస్తారు. మూడు చూడనిదే ఒకటి కొనరు. పెళ్లికి ముందు నేను ఎన్నోదాన్నో నేనెప్పుడూ అడగలేదు. ఆయనకు సలహాదారు మా వదిన భర్త. నేను అన్నయ్యగారూ అంటాను. డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. పక్క సీట్లో కూర్చుని ఇంకొకరి పనికి బ్రేకు వెయ్యడం ఆయన వృత్తి.

పలకలు ఒక్క పూటలో ఎంచుకున్నారు. పనిముట్ల దగ్గరే ఆగిపోయారు. కోసే మిషను తిన్నగా ముందుకు పోయేదా, వంకర్లు కూడా తిప్పగలిగేదా? పలకను పలకలోకి తట్టడానికి రబ్బరు సుత్తి నల్లదా, తెల్లదా?

"నల్లదైతే పలకకి మరక పడుతుంది బావా."

"అది కొట్టేవాడి చేతిని బట్టి ఉంటుందిరా. నీ చేతిలో అయితే తెల్లదానికి కూడా మరక పడుతుంది."

దాంతో రెండూ వచ్చాయి. గోడకూ పలకకూ మధ్య సందు చెడకుండా పెట్టే ప్లాస్టిక్ బిళ్లలు, ఆఖరి వరసను లాగడానికి రెండు చివరలూ వంగిన ఇనప పట్టీ, మూలమట్టం, గీత గీసే లేజరు కూడా వచ్చాయి. ఒక్కొక్కటీ విప్పి, చేత్తో బరువు చూసి, మళ్లీ పెట్టెలో పెట్టి, వాటిని హాల్లో అత్తయ్య మంచం కింద సర్దారు. రెండు వారాలకు మంచం కింద ఇక చోటు లేక, ఆవిడ కాళ్ల దగ్గర కూడా రెండు పెట్టెలు చేరాయి. మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లు వేసుకునే మెత్తటి తొడుగులు తెచ్చిన రోజు మావారు వాటిని తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచి చూపించారు.

"ఆపరేషన్ నీకా నాకా?" అంది అత్తయ్య.

మధ్యలో నేనొక పని చేశాను. నమూనా పలక ముక్క ఒకటి, దాని కింద పరిచే నురగ షీటు ముక్క ఒకటి తీసుకుని, రెండూ కలిపి గది తలుపు కింద దూర్చబోయాను. దూరలేదు. ఆ తలుపు కింద చాప అంచు కూడా పట్టదని నాకు తెలుసు. రోజూ అక్కడ తడిగుడ్డ పెట్టేదాన్ని నేనే కదా.

"నేల లేస్తే తలుపు పట్టదండీ. కింద కొంచెం కొయ్యాలి," అన్నాను.

"అది తలుపు పని. ఇప్పుడు చేస్తున్నది నేల పని," అన్నారు. "రెండూ కలిపితే ఏదీ సరిగ్గా కాదు."

అన్నయ్యగారు తల పంకించారు. "ఒకసారికి ఒక గేరే, చెల్లెమ్మా."

ఆదివారం తలుపు ఊడదీసి హాల్లో గోడకు ఆనించి పని మొదలుపెట్టారు. చెడ్డగా చెప్పకూడదు, బాగా పరిచారు. పలకల అతుకులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా జరిపి వేశారు. గోడల పొడవునా సందు ఒకేలా వదిలారు. సాయంత్రానికి గది అంతా తేనెరంగులో నిగనిగలాడింది. అత్తయ్య చేతికర్ర పట్టుకుని వచ్చి పాదం ఆనించింది. "వెచ్చగా ఉందిరా," అంది. మావారి కళ్లు చెమర్చాయి.

అప్పుడు తలుపు ఎత్తి పెట్టబోయారు. పట్టలేదు. బోర్లించి చూశారు, తిరగేసి చూశారు. అన్నయ్యగారు దాని భుజం మీద రెండు దెబ్బలు వేశారు. తలుపు తన కొలతకే కట్టుబడి ఉంది.

నేను కాఫీ కప్పులు తీశాను.

"అసలు తలుపెందుకమ్మా?" అన్నారు మావారు కాసేపు ఆలోచించి. "లోపల పడిపోతే ఎలా? తెరిచి ఉంటేనే మంచిది."

"మా ఇంట్లో మంచి కర్టెన్ ఉంది, పూలది," అంది అన్నయ్యగారితో పాటు వచ్చిన వదిన. "రేపే తెస్తా."

"దానికి గడియ పెడతారా?" అంది అత్తయ్య.

మావారు ఫోన్ తీశారు. తలుపు అంచు చెక్కడానికి వేరే మిషను ఉంటుందట. దాన్నీ మూడు రకాలు చూసి తెస్తాననీ, ఇవాళ కుదరకపోతే వచ్చే ఆదివారం చూద్దామనీ అన్నారు. బావాబావమరుదులు కారెక్కారు.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి, చేతికర్ర కింద పడేసి, అత్తయ్య గోడకు ఆనించిన తలుపును రెండు చేతులతో ద్వారం వైపు జరపాలని చూస్తోంది. జరగలేదు. ఆయాసపడుతూ తలుపుకే నుదురు ఆనించి నిలబడింది.

"కూర్చోండత్తయ్యా," అన్నాను. "వదినా, ఇలా రా."

కోసే మిషను అక్కడే ఉంది. పొద్దుటి నుంచీ వందసార్లు చూశాను, ఎలా పట్టుకోవాలో. తలుపును రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, మిగిలిన పలకను కొలత ప్రకారం దాని మీద అడ్డంగా పెట్టి, పలక కదలకుండా ఎక్కి కూర్చోమన్నాను వదినని.

"నా బరువు పనికొచ్చే రోజు కూడా వచ్చిందన్నమాట," అంది వదిన ఎక్కుతూ. "మీ అన్నయ్యకి చెప్పు."

పలక అంచు వెంబడే మిషను పోనిచ్చాను. పొట్టు నా జుట్టు నిండా పడింది. కోత ఒకవైపు కొంచెం ఏటవాలుగా వచ్చింది, నాకు నచ్చలేదు. తలుపు కింద పలక ముక్కలు సర్ది ఎత్తు చేసి, నేనూ వదినా పట్టుకుంటే, కుర్చీలో కూర్చున్న అత్తయ్య కింది కీలులో ఇనప పుల్ల దూర్చింది. పైది నేను దూర్చాను. ముక్కలు లాగేసి తోస్తే తలుపు నేలను తాకకుండా తిరిగింది.

అత్తయ్య లేచి, కర్ర తీసుకుని లోపలికి వెళ్లి, మా మొహాల మీదే తలుపు వేసుకుంది. మధ్య గడియ పడిన చప్పుడైంది.

"నా హ్యాండ్‌బ్యాగ్ లోపలుందే," అంది వదిన.

నాకు ఆ ఏటవాలు అంచు ఇంకొక్కసారి చూసుకోవాలని ఉంది. చేత్తో గరుకు కాగితం కూడా పట్టుకున్నాను. తలుపు తట్టబోయి ఆగాను.

చీకటి పడ్డాక మగవాళ్లు పెద్ద పెట్టెతో దిగారు. ఖాళీ ద్వారం కోసం చూసి, మూసిన తలుపు చూశారు.

"ఎవరు కోశారు? దేంతో?" అన్నారు మావారు. నేను చూపించాను. "దాంతో తలుపు కొయ్యకూడదు," అన్నారు నీరసంగా.

"తగులుతోందేమో చూడాలిరా, తియ్యమను," అన్నారు అన్నయ్యగారు.

మావారు తలుపు తట్టారు. "అమ్మా, తలుపు తియ్యి. మిషను తెచ్చాం. ఒక్క నిమిషం, అంచు చూసి వెళ్లిపోతాం."

లోపల కర్ర చప్పుడు తలుపు దాకా వచ్చింది. మేం నలుగురం సర్దుకుని నిలబడ్డాం. ఆ తలుపు పైగడియ అందుకోవాలంటే మునివేళ్ల మీద లేవాలి. వ్యాయామాలు చేయించే అమ్మాయి నెల రోజులుగా బతిమాలుతున్నా అత్తయ్య అలా ఒక్కసారి కూడా లేవలేదు.

పైగడియ పడింది.