ల్యాప్‌టాప్ దొంగనిద్ర

మార్చి రెండో తేదీ. ఆ సాయంత్రం రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. మా కోడలికి వండే తీరిక లేదు. మర్నాడు పొద్దున్నే తనకు ల్యాప్‌టాప్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. పాప పుట్టాక వచ్చిన మొదటి పిలుపు. ఆ ల్యాప్‌టాపేమో ఆన్ చేసినప్పుడల్లా వైఫై లేకుండానే లేస్తోంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం వస్తోంది.

"రీస్టార్ట్ చేసుకుంటే సరిపోదామ్మా?" అన్నాను.

"రేపు అదీ మొరాయిస్తే నా బదులు మీరు జవాబులు చెప్తారా మామయ్యా?" అని నవ్వింది.

కంగారు లేదు, విసుగు లేదు. వైఫైని నడిపే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ మార్చి, ఆపి, ఆన్ చేసింది. రాలేదు. దాన్ని మళ్ళీ పాతదానికే తెచ్చి, అప్పుడు ఇంకోటి ప్రయత్నించింది. ఉప్పు రుచి చూడందే కారం వెయ్యని మా ఆవిడ గుర్తొచ్చింది.

"దొరికింది! షట్‌డౌన్ చేసినా ఇది పూర్తిగా ఆగట్లేదు. మన పాపలాగే దొంగనిద్ర! రీస్టార్ట్ చేస్తేనే నిజంగా ఆగి లేస్తోంది," అంది కోడలు.

త్వరగా లేవడం కోసం దాన్ని సగం నిద్రలోనే ఉంచే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ తీసేసింది. ఆపి, ఆన్ చెయ్యగానే వైఫై వచ్చింది. నేను మురిసిపోతుంటే, తను మళ్ళీ ఆపి మళ్ళీ ఆన్ చేసింది. మళ్ళీ వచ్చింది.

"ఇక ఇద్దర్నీ పడుకోనిద్దాం మామయ్యా," అంది గుసగుసగా. ల్యాప్‌టాప్ మూసి, పాప ఉన్న గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.