పసుపు చుట్టిన తేదీ

నేను ఒక నల్లబల్లను. ఆ మాట చెప్పుకునే హక్కు ఇప్పుడు నాకు సగమే ఉంది. మిగతా సగం సంగతి చివర్లో చెబుతాను. నేను బడిలో పుట్టలేదు, పిల్లల అల్లరి ఎరగను. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డులో, మొట్టమొదటి బండికి కట్టగా మిగిలిన రెండు టేకు పలకలతో పుట్టాను. షెడ్డు పెట్టిన భద్రాచారికి వాటిని పారేయడానికి మనసొప్పలేదు. రెండింటినీ జతచేసి, నల్లరంగు పూసి, గుమ్మానికి ఎదురుగా గోడకు బిగించాడు. నాతోటి పలకలన్నీ ఆ లారీతో పాటు దేశం చూడటానికి వెళ్ళిపోయాయి. నేను మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళు గోడకే ఉండి, ఎవరి బండి ఎప్పుడు కదులుతుందో రాయించుకుంటూ గడిపాను.

షెడ్డులో ఆరు బళ్ళు పడతాయి, అందుకే నా మీద ఆరు వరుసలు. ఎడమన యజమాని పేరు, మధ్యలో పని ఎంతవరకు వచ్చిందీ, కుడిపక్కన మాట ఇచ్చిన తేదీ. పని పూర్తవగానే భద్రాచారి కొబ్బరి చిప్పలో తడిపిన పసుపులో వేలు ముంచి ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేవాడు. బండి తయారైంది, మంచిరోజు కోసం ఆగింది అని దాని అర్థం. మూఢంలోనూ ఆషాఢంలోనూ కొత్త లారీని ఎవరూ ఇంటికి తోలుకుపోరు. ఒక్కోటి కొత్త అల్లుడిలా నెల రోజులు షెడ్డులోనే తిష్ఠ వేసేది. గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బండి గేటు దాటాకే నా మీద ఆ వరుస చెరిపేవారు.

భద్రాచారి పోయాక పసుపు చుట్టే పని పెద్ద మేస్త్రీ మౌలాలి చేతికి వచ్చింది. మొదటి లారీ నుంచీ ఉన్న మనిషి. నీకెందుకయ్యా ఈ మూఢాలూ అవీ అని ఎవరో వేళాకోళమాడితే, "మనకి లేకపోతే ఏం, బండాయనకి ఉందిగా," అని తన పని తాను చేసుకున్నాడు.

షెడ్డు భద్రాచారి కూతురు సువర్చలకు వచ్చింది. తండ్రికి గొంతు పెద్దది, ఈమెకు ఓపిక పెద్దది. ఆ ఓపికకు పరీక్ష నా వల్లే వచ్చిందని ఒప్పుకోవాలి. కైకలూరు నుంచి చేపలు రవాణా చేసే పుల్లారావు మా షెడ్డుకు ఏటా ఆరేడు బళ్ళు ఇస్తాడు. సగం షెడ్డు ఆయన పనితోనే నడుస్తుంది. ఒకరోజు ఒక వడ్రంగి చెమట పట్టిన వీపుతో నాకు ఆనుకుని బీడీ ముట్టించుకున్నాడు. ఆ వీపుతో పాటే పుల్లారావుకు ఇచ్చిన తేదీ పోయింది. ఎవరికి గుర్తున్న తేదీ వాళ్ళు చెప్పారు, ఎవరిదీ సరైనది కాదు. బండి తొమ్మిది రోజులు ఆలస్యమైంది.

అప్పుడు సువర్చల కంప్యూటర్లో పని నడిపే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలనుకుంది. మూడు దారులున్నాయని తెలిసింది. రెడీమేడ్‌గా దొరికేది ఒక్కసారిగా కొనేయడం, మనకు కావలసినట్టు కొత్తగా రాయించుకోవడం, లేదంటే నెలనెలా అద్దెకు వాడుకోవడం. మనుషులు చీర కొనడానికి నాలుగు కొట్లు తిరుగుతారు గానీ, ఇలాంటివి కొనేటప్పుడు బాగా మాట్లాడేవాడి దగ్గర కొంటారు. రెడీమేడ్ కంపెనీ నుంచి వచ్చినతను చాలా బాగా మాట్లాడాడు. రంగురంగుల బొమ్మలు చూపించి, నెల రోజులు వాడి చూడండి మేడం అని పెట్టిపోయాడు. నావైపు ఒకసారి చూసి నవ్వాడు కూడా. నాకు ఒళ్ళు మండింది.

ఆ నెలలోనే మూఢం వచ్చింది. మూడు బళ్ళ పని పూర్తయింది. మౌలాలి నా మీద పసుపు చుట్టి, నేర్పినట్టే కంప్యూటర్లోనూ 'పూర్తి' అని నొక్కాడు. మూడు చోట్లు ఖాళీ అని అది చెప్పింది. సువర్చల షెడ్డులోకి తొంగైనా చూడకుండా, తెర నమ్మి పుల్లారావుకు ఫోన్ చేసి, కొత్త బళ్ళు సోమవారం పంపేయమంది. మూడు చాసీలు, అంటే ఇంజనూ చక్రాలూ ఉండి ఇంకా బాడీ కట్టని బళ్ళు, గేటు ముందు దిగాయి. లోపల పసుపు సున్నాల బళ్ళు కదలకుండా కూర్చున్నాయి. చాసీలు పదకొండు రోజులు రోడ్డు మీద ఎండకు ఎండి వానకు తడిశాయి.

పుల్లారావు వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను, వేయలేదు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, "రెండోసారమ్మా ఇది. మీ నాన్న మొహం చూసి ఊరుకుంటున్నా. ఈ మూడు బళ్ళూ శ్రావణమాసం రెండో శుక్రవారం నా ఇంటి ముందుండాల. మాట తప్పితే నేనింకేం అనను, నా బళ్ళు పక్క షెడ్డుకి పోతాయి, అంతే," అన్నాడు.

ఆయన వెళ్ళాక సువర్చల కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను చూస్తోంది గానీ, నిజంగా చూడటం ఆ రోజే. నా మీదున్న పసుపు సున్నాలు లెక్కపెట్టి, మౌలాలిని పిలిచింది.

"బాబాయ్, పని పూర్తయితే చోటు ఖాళీ అయినట్టు కాదుగా?"

"ఎట్టా అవుద్దమ్మాయ్? బండి ఇంకా మన నెత్తినే ఉంటే."

"మరి ఆ కంపెనీ అబ్బాయికి చెప్పలేదేం?"

"ఆయన అడగలా. అయినా నువ్వే వాడమన్నావు, పెద్ద చదువు చదివినోళ్ళకి తెలవదా అనుకున్నా."

ఆమె నవ్వింది, కళ్ళు మాత్రం తుడుచుకుంది. తప్పు మౌలాలిది కాదు, తన పని తనకే పూర్తిగా తెలియకుండా వేరొకరి తెర నమ్మడం తనదే అని పైకే అంది. నాకు ఆ పిల్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఈసారి మూడు దారుల వాళ్ళనూ పిలిచి, ఒక్కొక్కర్నీ నా ముందు నిలబెట్టింది. ఈ పసుపు సున్నా మీ దాంట్లో ఎక్కడ పడుతుందని అడిగింది. రెడీమేడ్ అతను అలాంటి పద్ధతి లేదు, మీరే అలవాటు మార్చుకోవాలన్నాడు. రాసిపెడతానన్న కుర్రాడు ఎలా కావాలంటే అలా చేస్తానన్నాడు, ఆరు నెలలు పడుతుందన్నాడు. "తర్వాత నువ్వు బెంగుళూరు వెళ్ళిపోతే ఎవర్ని అడగాలి నాయనా?" అని సువర్చల అడిగితే, తన ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళిపోయాడు. అద్దెకిచ్చే కంపెనీ నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది. సంచిలోంచి కంప్యూటర్ తీయనేలేదు. "ఈ పసుపు ఎవరు పెడతారు మేస్త్రీగారూ? ఎప్పుడు చెరుపుతారు?" అని అడిగి, సాయంత్రం దాకా నన్ను చూసి రాసుకుంది. తయారవడానికీ గేటు దాటడానికీ మధ్య ఇంకో మెట్టు పెట్టొచ్చంది.

"మాకు నచ్చక మానేస్తే, మా వివరాలు మాకిచ్చేస్తారా?" అంది సువర్చల.

"ఇస్తామండి, ఒప్పందంలోనే రాసిస్తాం."

అద్దెకే తీసుకుంది. అయినా నన్ను వెంటనే దింపలేదు. నెలన్నర పాటు నన్నూ తెరనూ పక్కపక్కన ఉంచి, ఇద్దరం ఒకే మాట చెబుతున్నామా లేదా అని రోజూ పొద్దున్నే చూడమని మౌలాలికి చెప్పింది. మొదటి వారం నాలుగుసార్లు తేడా వచ్చింది. మూడుసార్లు తెరది తప్పు, ఒకసారి నాది. తర్వాత తేడాలు పోయాయి. పసుపు సున్నా తెర మీద కూడా పసుపుగానే ఉంది.

పుల్లారావు బళ్ళు రెండు పూర్తయ్యాయి. మూడోదానికి వెనక డోరు మాత్రం మిగిలింది. అక్కడొచ్చింది చిక్కు. కలప అడితి నుంచి వచ్చిన టేకు పచ్చిది, బిగిస్తే నెలలో వంకర పోతుంది. ఎండిన చెక్క రావడానికి వారం పడుతుంది. శుక్రవారానికి నాలుగు రోజులే ఉన్నాయి. సువర్చల ఆ పచ్చి చెక్కను వెనక్కి పంపేసింది. మౌలాలి నా దగ్గరకొచ్చి వేలి కణుపుతో కొట్టి చూశాడు.

"ముప్పై ఏళ్ళు ఎండిన టేకు ఇక్కడుందమ్మాయ్. రెండు పలకలు. కొలత కూడా సరిపోద్ది."

"అది నాన్న చేతి బల్ల బాబాయ్."

"మీ నాన్న దీన్ని బండి కోసమే కొన్నాడమ్మా."

 ఆమె తనే స్క్రూలు విప్పింది.

ఇప్పుడు నేను ఒక లారీ వెనక డోరును. బయటివైపు చిత్రిక పట్టి రంగు వేశారు. లోపలివైపు నలుపు అలాగే ఉంచమని మౌలాలి పట్టుబట్టాడు. దాని మీద ఏళ్ళ తరబడి ఇంకిన పసుపు మరకలు ఇంకా ఉన్నాయి, చేపల పెట్టెలు వాటికి ఆనుకుని ప్రయాణం చేస్తున్నాయి. డోరు బిగించాక మంచిరోజు కోసం నేనూ ఒకరోజు ఆగాను, నా వంతు పసుపు సున్నా తెర మీదే పడింది. శుక్రవారం తెల్లవారకుండానే గుమ్మడికాయ కొట్టారు. పుల్లారావు మూడు బళ్ళూ చూసి, వచ్చే ఏటి పని కూడా ఇక్కడే అని బయానా ఇచ్చాడు.

బండి కదిలింది. వెనక డోరుని కదా, నాకు కనిపించేది ఎప్పుడూ వెనక వదిలేసిందే. గేటు దగ్గర సువర్చల ఫోను తీసి అందులో నా బండి వరుస చెరిపేసింది. ఆమె వెనక, షెడ్డు లోపల, మౌలాలి పాత అలవాటు కొద్దీ నేనుండే చోటికి నడిచి, ఏమీ లేని గోడను అరచేత్తో తుడిచాడు.