పెద్దకర్మకు పప్పు, గుమ్మడికాయ పులుసు

అనూరాధ టీచరు ఏటా తొమ్మిదో తరగతికి ఆయుధ పోటీ పాఠం చెప్పేది. "పక్కవాడు ఒక ఫిరంగి కొన్నాడని మనం రెండు కొంటాం. మనకు రెండున్నాయని వాడు నాలుగు కొంటాడు. చివరికి ఇద్దరికీ భయమే మిగులుతుంది," అనేది. రాజాం దగ్గరి తమ ఊళ్లో ఆ మాట పెద్దకర్మ భోజనాలకు సరిగ్గా అతుకుతుందని, భర్త ఉమాశంకర్ పోయాకే ఆమెకు తెలిసింది.

"జగన్నాధం మావ పోతే ఏడు కూరలెట్టారు. ధనరాజోలు తొమ్మిదెట్టి, ఆపైన ఐస్‌క్రీము. మనం తగ్గితే ఊరేటనుకుంటాది వదినా?" అన్నాడు మరిది గిరిబాబు.

"పప్పు, గుమ్మడికాయ పులుసు, పెరుగు. అంతే."

"అన్నయ్యంటే నీకంతేనా?"

ఆ మాట గుచ్చుకుంది. గుమ్మడికాయలు తెమ్మని వంటమనిషి కూర్మయ్యకు చెప్పి లోపలికి వెళ్లింది.

వెనకే ఎదురింటి తవిటమ్మ వచ్చి కూర్చుంది. ఆవిడ భర్త గంగులు మంచం పట్టి చాలా కాలమైంది. "మా ముసిలోడింకా ఊపిరి తీస్తన్నాడు. నేనేమో ఆడి పెద్దకర్మకి కూరలు లెక్కెడతన్నాను. ఇదేటి బతుకు తల్లీ!" అని నవ్వబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెద్దకర్మ రోజున, బంతి కూర్చున్న వేళకు వీధి మొగలో క్యాటరింగ్ వ్యాను ఆగింది. అది గిరిబాబు పని. భర్త పోయిన మనిషి ఆ రోజు గడప దాటకూడదన్నది ఆ ఊరి కట్టుబాటు. అనూరాధ గడప దాటింది. ఆమె నేరుగా వ్యాను దగ్గరికి నడిచింది.

"వెనక్కి తీసుకెళ్లిపో నాయనా," అంది డ్రైవరుతో.

"నా పరువు తీసేస్తన్నావు వదినా!" గిరిబాబు వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"మీ అన్నయ్య పోయాడని ఏడుద్దాం గిరీ. ధనరాజు వాళ్లమీద గెలవడం మనకెందుకు? ఎవరో ఒకరు ముందు ఆగాలి. నేనాగుతన్నాను."

వ్యాను వెళ్లిపోయింది. "టీచరమ్మ పిసినారితనం సూడండ్రా," అన్నారెవరో. ఆమెకు వినబడింది. తిరిగివచ్చి, కూర్మయ్య చేతిలోని పులుసు బకెట్టు అందుకుని తనే వడ్డించసాగింది.

"ఇంకో గరిటె పొయ్యి తల్లీ," అంది తవిటమ్మ, బంతి చివరిదాకా వినబడేలా. "రేపు మా ఇంటా ఇదే ఎడతాను. ఎవులేటంటారో అననీ."

గిరిబాబు ఇటు తిరగనైనా లేదు. అనూరాధ పక్క విస్తరి దగ్గరికి జరిగింది.