‘తా’ మీద ఊనిక

కళ్ళజోళ్ళ కొట్లో పనిచేసే మనిషికి స్పానిష్ ఎందుకట? అక్కకు మొదటిరోజే అనుమానం వచ్చింది. "ఊరికే, సరదాకి" అంది చెల్లెలు. సరదా అయితే సినిమాకి పోవాలి గానీ, క్రియాపదాలు ముక్కలు చేయడమేమిటి, విడ్డూరం కాకపోతే!

అయినా అక్క నేర్పింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మాట పలకాలి. గడ్డం ఎన్నిసార్లు చేతికి తగిలితే మాటలో అన్ని ముక్కలు. తర్వాత వీధి చివరున్న మనిషిని పిలిచినట్టు అదే మాట అరవాలి. గొంతు ఎక్కడ సాగితే అక్కడ ఊనిక. చెల్లెలు ఇట్టే పట్టేసింది. ఆ పట్టేయడమే అక్కకు గిట్టలేదు.

తను స్పానిష్ పాఠాలు చెప్పే బడి మూతపడ్డాక అక్కకు మిగిలిన ఆశ ఒక్కటే, స్పానిష్ పాఠాలు రికార్డు చేసే స్టూడియోలో ఉద్యోగం. ఒక్కరినే తీసుకుంటారు. సరిగ్గా అప్పుడే చెల్లెలు తలుపేసుకుని ఫోన్లు మాట్లాడసాగింది. చెవి ఆనించిన అక్కకు, "స్టూడియోనేనా? పరీక్షకి నా పేరు కూడా రాసుకోండి" అన్న మాట వినబడింది.

ఓసి నంగనాచీ! నా దగ్గరే నేర్చుకుని నా నోటికాడి కూడే లాక్కుంటావా?

ఆ సాయంత్రం పాఠంలో "కాన్-తా-బా-మోస్. పాడేవాళ్ళం అని అర్థం. ఊనిక బా మీద" అంది అక్క. నిజానికి అది తా మీద.

చెల్లెలు అరిచి చూసింది. "నాకు తా దగ్గర సాగుతోందే?"

"నీకేం తెలుసు?"

"సరేలే, నువ్వు చెప్పాక ఇంకేముంది."

పరీక్షరోజు చెల్లెలు మొహం ఎర్రగా చేసుకుని గదిలోంచి వచ్చింది. "బా కాదట! మా అక్క తప్పు చెప్పదని దెబ్బలాడి వచ్చా. నువ్వూ గట్టిగా చెప్పు."

అక్క లోపలికి వెళ్ళగానే పరీక్ష పెట్టే ఆయన నవ్వాడు. "మీ చెల్లెలు గట్టిదేనండీ! మీరొక్కరే అయితే పరీక్ష పెట్టలేం అన్నామని తన పేరిచ్చింది. ఉద్యోగం మాత్రం తనకొద్దంది. పరీక్షలో కూర్చోవడానికే కాస్త నేర్చుకుందట. మీరు చిన్నబోతారని చెప్పొద్దంది. సరే, కాన్‌తాబామోస్... ఊనిక ఎక్కడ?"

అక్కకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ ఉద్యోగం కావాలి. తలుపు వైపు ఓసారి చూసి, బయటికి వినబడనంత మెల్లగా "తా మీద" అంది.

బయటికి రాగానే చెల్లెలు చెయ్యి పట్టుకుంది. "గట్టిగా చెప్పావా?"

"చెప్పాను" అంది అక్క.